బెత్తెడా, జానెడా: కచేరి వేదికపై మైకు ఎంపిక

సౌండ్ పని చేసేవాళ్ల మధ్య ఒక మాట సూత్రంలా స్థిరపడిపోయింది: స్టూడియోకి కండెన్సర్, స్టేజీకి డైనమిక్. కండెన్సర్ మైకు ఎక్కడెక్కడి చప్పుళ్లనూ లాక్కుంటుందనీ, అందుకే వేదిక మీద పెడితే కూత పెడుతుందనీ, డైనమిక్ మైకు దగ్గరున్న గొంతునే పట్టుకుంటుంది కాబట్టి ఆ బెడద ఉండదనీ దీని వెనకున్న వాదన. సినిమా పాటల ఆర్కెస్ట్రాల్లో ఈ సూత్రాన్ని కళ్లు మూసుకుని పాటించినా పెద్దగా పోయేదేమీ లేదు. అక్కడ పాడేవాళ్లు మైకును చేత్తో పట్టుకుని, దాదాపు పెదవులకు ఆనించి పాడతారు. కర్ణాటక సంగీత కచేరిలో మాత్రం పోయేది చాలా ఉంది. బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక చేత్తో తాళం వేస్తూ, రాగం ఎటు తీసుకెళ్తే అటు తల తిప్పుతూ పాడే మనిషి నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం మామూలు. వయొలిన్‌కీ వీణకీ అయితే అంతకంటే ఎక్కువే. ఆ దూరంలో ఏ మైకు ఎలా వింటుందో ఆలోచించకుండా, రకం పేరు చూసి ఎంపిక చేయడం వల్లే మన సభల్లో చాలా గొంతులు పల్చగా, వయొలిన్లు గీరుగా, వీణ మీటులు మొద్దుబారి వినిపిస్తున్నాయి. ముందు అడగాల్సింది ‘ఏ రకం?’ అని కాదు, ‘ఎంత దూరం?’ అని. దూరం తేలితే రకం చాలావరకు తేలిపోతుందని నా వాదన.

రెండు రకాల పనితీరులో తేడా నిజమే. డైనమిక్ మైకులో పల్చని పొరకు సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. ధ్వనికి పొర కదిలితే తీగచుట్ట అయస్కాంతం నడుమ కదులుతుంది, కరెంటు పుడుతుంది. బయటి నుంచి ఏ విద్యుత్తూ అక్కర్లేదు. కండెన్సర్‌లో ఆ తీగచుట్ట బరువు లేదు. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే, లోహపు పూత పూసిన పొర ఒక స్థిరమైన పలకకు ఎదురుగా బిగించి ఉంటుంది. పొర కదిలినప్పుడు రెండింటి మధ్య ఎడం మారుతుంది, ఆ మార్పే సంకేతమవుతుంది. అది నేరుగా కేబుల్ మీద ప్రయాణించగలిగే సంకేతం కాదు కాబట్టి మైకు లోపలే చిన్న ఆంప్లిఫయర్ ఉండాలి, దానికి కరెంటు ఇవ్వాలి. చరిత్రలో కండెన్సరే ముందు వచ్చింది. అమెరికా ఇంజనీరు ఇ.సి. వెంటే 1916లో దాన్ని రూపొందించాడు. 1931లో తురాస్ అనే మరొకరితో కలిసి తీగచుట్ట మైకును లోకానికి అందించిందీ ఆయనే. అప్పటి కండెన్సర్లకు వాల్వులు, విడిగా పవర్ సప్లై పెట్టె కావాలి. తేమ తగిలితే చిటపటలు. అలాంటి సరుకును ఊరూరా తిప్పడం కష్టం కాబట్టి వేదికలు డైనమిక్ పరమయ్యాయి. ష్యూర్ కంపెనీ 1939లో తెచ్చిన యూనిడైన్, 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 ఆ ఏలుబడిని స్థిరం చేశాయి. కానీ అదే 1966లో నాయ్‌మన్ కంపెనీ కేఎం84 మైకుతో 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ను ప్రవేశపెట్టింది. మైకు కేబుల్ మీదుగానే కరెంటు పంపే పద్ధతి అది. అంతకు నాలుగేళ్ల ముందు బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ అనే ఇద్దరు ఎలెక్ట్రెట్ పద్ధతిని కనిపెట్టి, పొరకు శాశ్వతంగా విద్యుదావేశం ఇవ్వగలిగారు. కండెన్సర్‌ను వేదికకు దూరం చేసిన కారణాలు ఈ రెండింటితో చాలావరకు తొలగిపోయాయి. అభిప్రాయం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ అభిప్రాయంలో మొదటి భాగం ‘కండెన్సర్‌కు సెన్సిటివిటీ ఎక్కువ, కాబట్టి ఫీడ్‌బ్యాక్, అంటే కూత, ఎక్కువ’ అన్నది. కంపెనీలే ఇచ్చే అంకెలతో దీన్ని పరీక్షించవచ్చు. సెన్సిటివిటీ అంటే ఒక నిర్ణీత ధ్వని ఒత్తిడికి మైకు ఎన్ని మిల్లీవోల్టులు ఇస్తుందన్నది. ఒక పాస్కల్ ఒత్తిడికి, అంటే 94 డెసిబెళ్ల ధ్వనికి, ఎస్‌ఎం58 ఇచ్చేది సుమారు 1.9 మిల్లీవోల్టులు. అదే కంపెనీ కండెన్సర్ ఎస్‌ఎం81 ఇచ్చేది 5.6. తేడా సుమారు 9.5 డెసిబెళ్లు. ఇంతవరకు నానుడి నిజమేననిపిస్తుంది. కానీ అదే కంపెనీ చేసిన బీటా 58ఏ డైనమిక్ మైకు, అది సుమారు 2.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. పాడేవాళ్ల కోసం చేసిన కండెన్సర్ బీటా 87ఏ ఇచ్చేది దానికంటే ఓ పిసరు తక్కువే. సెన్సిటివిటీయే కూతకు కారణమైతే ఈ జంటలో ముందు కూయాల్సింది డైనమిక్. అసలు విషయం ఇంకా తేలిక. ఎక్కువ వోల్టేజి ఇచ్చే మైకు గాయకుడి గొంతునూ స్పీకర్ల ధ్వనినీ ఒకే నిష్పత్తిలో పెంచి ఇస్తుంది. మిక్సర్ మీద గెయిన్ నాబ్‌ను ఆ 9.5 డెసిబెళ్లు వెనక్కి తిప్పితే లెక్క సమానం. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, డైనమిక్ తీసి కండెన్సర్ పెట్టి, గెయిన్‌ను ఉన్నచోటే ఉంచుతారు. మైకు కూస్తుంది. నింద కండెన్సర్ మీద పడుతుంది.

ఫీడ్‌బ్యాక్‌ను నిర్ణయించేవి వేరే ఉన్నాయి, వాటిలో పెద్దది దూరం. ధ్వని బయల్దేరిన చోటు నుంచి దూరం రెట్టింపైతే దాని స్థాయి సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది. బెత్తెడు అంటే ఏడెనిమిది సెంటీమీటర్లు, జానెడు అంటే దానికి మూడింతలు. గాయని నోరు బెత్తెడు దూరం నుంచి జానెడు దూరానికి జరిగితే మైకు దగ్గర ఆమె గొంతు సుమారు 9.5 డెసిబెళ్లు తగ్గుతుంది. సభలో మునుపటంత వినబడాలంటే గెయిన్ అంతా పెంచాలి. అప్పుడు స్పీకర్ల నుంచి తిరిగొచ్చే ధ్వనీ అంతే పెరుగుతుంది. ఇందాక సెన్సిటివిటీలో చూసిన తేడా కూడా 9.5 డెసిబెళ్లే. అంకె ఒకటే అయినా అది నాబ్ తిప్పితే తీరిపోయే తేడా, ఇది ఏ నాబ్‌తోనూ తీరనిది. రెండోది తెరిచి ఉన్న మైకుల సంఖ్య. మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందున్న వెసులుబాటు సుమారు 3 డెసిబెళ్లు తరుగుతుంది. త్యాగరాజ ఆరాధనల్లో పంచరత్న గోష్ఠికి ముందు వరస మొత్తానికీ ఎనిమిది మైకులు నిలబెట్టి, అన్నీ తెరిచి ఉంచితే, ఒక్క మైకుతో పోల్చినప్పుడు 9 డెసిబెళ్లు ముందే ఖర్చయిపోయినట్టు. పైగా ఒకే గొంతు రెండు మూడు మైకుల్లోకి కాస్త ముందూ వెనకగా చేరి తనను తానే కొట్టేసుకుంటుంది. నాణ్యమైన మైకులు మూడింటిని, వాటి మధ్య ఎడం పాడేవాళ్ల దూరానికి కనీసం మూడింతలు ఉండేలా పెడితే, ఆ ఎనిమిదింటి కంటే సాహిత్యం స్పష్టంగా వినిపిస్తుంది.

మూడోది మైకు ఏ దిశ నుంచి వినదు అన్నది. దీన్ని పట్టించుకోకపోవడం వల్ల కండెన్సర్‌కు వచ్చినంత చెడ్డపేరు మరిదేనివల్లా రాలేదనుకుంటాను. కార్డియాయిడ్ మైకు సరిగ్గా తన వీపు వైపు చెవిటిది. సూపర్ కార్డియాయిడ్ అలా కాదు. దానికి వీపు వైపు కొంత వినికిడి ఉంటుంది, బాగా చెవిటిగా ఉండేది ముందు నుంచి సుమారు 126 డిగ్రీల కోణంలో, అంటే వెనక రెండు పక్కలా. ఎస్‌ఎం58 కార్డియాయిడ్. అది వాడినన్నాళ్లూ విద్వాంసుడు వినడానికి పెట్టే మానిటర్ బాక్సును ఆయన ఎదురుగా, మైకు వీపు వైపు పెట్టడం అలవాటవుతుంది, అది సరైన పద్ధతే. ఒకనాడు దాని స్థానంలో బీటా 87ఏ వస్తుంది. అది సూపర్ కార్డియాయిడ్. మానిటర్ మాత్రం ఉన్నచోటే, ఇప్పుడు మైకు కాస్తో కూస్తో వినగలిగిన దిక్కునే ఉంటుంది. శ్రుతి పెట్టె ఇంకొంచెం పెంచమని విద్వాంసుడు సైగ చేస్తారు, పెంచగానే కూత. బీటా 58ఏ డైనమిక్‌ను పెట్టినా అక్కడ జరిగేది ఇదే, ఎందుకంటే అదీ సూపర్ కార్డియాయిడే. మానిటర్‌ను తిన్నగా ఎదురు నుంచి తీసి కుడి ఎడమ మూలలకు జరిపితే రెండు మైకులూ దారికొస్తాయి. అలా జరిపే వీలు లేని ఇరుకు వేదిక మీద బీటా 87సీ లాంటి కార్డియాయిడ్ కండెన్సర్ ఉంది. ఇక్కడ తేల్చాల్సింది దిశ. పొర వెనక తీగచుట్ట ఉందా పలక ఉందా అన్నది ఇందులోకి రానే రాదు.

అయితే రెండు రకాలూ ఒకటేనా? బెత్తెడు దూరంలో దాదాపు ఒకటే, జానెడు దూరంలో కాదు. ఈ వ్యాసానికి ఇదే ఇరుసు. ఒక దిశకే చెవి ఒగ్గే మైకు ఏ రకానిదైనా నోరు దగ్గరయ్యేకొద్దీ మంద్ర ధ్వనులను పెంచి ఇస్తుంది. చేతిలో పట్టుకుని పాడే డైనమిక్ మైకులను ఆ పెరుగుదల ఉంటుందన్న అంచనాతోనే, కింది ధ్వనులు కాస్త తగ్గించి తయారుచేస్తారు. మాట తేటగా వినబడడానికి కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర కాస్త ఉబ్బిస్తారు. పెదవులకు ఆనించి పాడితే ఇదంతా చక్కగా కుదురుతుంది. అదే మైకును జానెడు దూరంలో పెడితే దగ్గరితనం వల్ల వచ్చే నిండుదనం పోతుంది, కావాలని తగ్గించిన మంద్రం తగ్గినట్టే ఉండిపోతుంది, ఉబ్బు మాత్రం మిగులుతుంది. మంద్ర స్థాయిలో షడ్జం దగ్గర నిలిచిన కార్వై గాలిలో కలిసిపోయి, తారస్థాయిలో గొంతు గుచ్చుకోవడానికి కారణం ఇదే. గాయని తల ఒక పక్కకు తిప్పినప్పుడు ఇంకో తేడా బయటపడుతుంది. డైనమిక్ మైకుల్లో చాలావాటికి పక్క నుంచి వచ్చే పై ధ్వనులు అసమానంగా తగ్గుతాయి, కాబట్టి తల కదిలినప్పుడల్లా గొంతు రంగు మారుతుంది. చిన్న పొర ఉన్న మంచి కండెన్సర్లలో పక్క నుంచి వచ్చే ధ్వని స్థాయి తగ్గినా రంగు అంతగా మారదు. కచేరి రెండు గంటల పైచిలుకు సాగుతుంది. అంతసేపూ తల నిలకడగా పెట్టి పాడమని విద్వాంసుణ్ని అడగడం కంటే, తల కదిలినా తట్టుకునే మైకును ఎంచుకోవడం న్యాయం.

ఈక్వలైజర్ ఉండగా ఈ గొడవంతా ఎందుకు, తగ్గినదాన్ని మిక్సర్ మీద పెంచుకోవచ్చు కదా అని ఒక ఆక్షేపణ ఉంది. కొంతవరకు నిజమే, పొడిబారిన గొంతుకు కాస్త మంద్రం కలిపి, గుచ్చుకునే చోట కోస్తే వినసొంపుగా అవుతుంది. కానీ ఈక్వలైజర్ ముందు నుంచి వచ్చేదాన్నీ పక్క నుంచి వచ్చేదాన్నీ ఒకేలా మారుస్తుంది. పక్క నుంచి వచ్చే ధ్వనిలో ఉన్న అసమానతను అది సరిచేయలేదు. పెంచిన ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ కూతకు దగ్గరవుతాం కూడా. ఎగుడుదిగుడులు లేని మైకు ఇక్కడే అక్కరకొస్తుంది. కూత మొదలయ్యేది శిఖరాల దగ్గర. శిఖరాలు తక్కువున్న మైకుకు అదే దూరంలో కాస్త ఎక్కువ గెయిన్ దొరుకుతుంది. కండెన్సర్ కూస్తుందన్న నమ్మకానికి ఇది సరిగ్గా ఎదురు.

వాద్యాల విషయానికొస్తే ఒక్కోదానికి ఒక్కో తీర్పు. వీణ నెమ్మదైన వాద్యం, దాని ప్రాణమంతా మీటిన క్షణంలోనూ, ఆ తర్వాత తీగ లాగి పలికించే గమకం తోకలోనూ ఉంటుంది. మీటును తీగచుట్ట బరువు లేని పల్చని పొర పట్టినంత పదునుగా బరువైన పొర పట్టలేదు. అందుకే చాలామంది వైణికులు వీణకు అంటించే కాంటాక్ట్ మైకును ఆశ్రయించారు. దానికి కూత బెడద తక్కువే, కానీ అది చెక్క కంపనాన్ని వింటుంది తప్ప గాలిలోకి వచ్చిన నాదాన్ని వినదు. మెట్ల మీద వేళ్ల రాపిడి అసహజంగా పెద్దదవుతుంది. కుండకు జానెడు పైన చిన్న కండెన్సర్ పెట్టి, కాంటాక్ట్ మైకును దానికి అండగా మాత్రమే కలిపితే వీణ వీణలా ఉంటుంది. మన వయొలిన్ విద్వాంసులు కూర్చుని, వాద్యం కొసను కుడి చీలమండ మీద ఆనించి వాయిస్తారు కాబట్టి నిలబడి వాయించే పాశ్చాత్యుల కంటే వాద్యం కదలిక తక్కువ. స్టాండు మీది కండెన్సర్‌కు ఇది అనుకూలం. డీపీఏ 4099 లాంటి, వాద్యానికే తగిలించే చిన్న కండెన్సర్లు దూరం సమస్యను మొదలంటా తీసేస్తాయి. మృదంగానికి మాత్రం డైనమిక్ పెడితే తప్పు పట్టలేను. కుడి మూత మీది నల్లటి పూత, అంటే కరణి వల్ల ఆ చర్మం పలికించే అనుస్వరాలు తీగ వాద్యానికి ఉన్నట్టు క్రమబద్ధంగా ఉంటాయని సి.వి. రామన్ 1920లోనూ, మళ్లీ 1934లోనూ వివరించారు. ఆ అనుస్వరాలన్నీ ఏ మంచి డైనమిక్ మైకుకైనా సులువుగా అందే పరిధిలోనివే, పైగా మైకును బెత్తెడు దూరంలో పెట్టే వీలుంది. మోర్సింగ్‌కు కూడా డైనమిక్కే నయం, దాన్ని పళ్లకు ఆనించి మైకుకు అతి దగ్గరగా వాయిస్తారు. కూచిపూడి నట్టువాంగం తాళాల విషయంలో డైనమిక్ బలహీనతే బలం. ఆ కంచు మోతలో చెవిని కోసే పై ధ్వనులను అది కొంత మెత్తబరుస్తుంది.

అదే కూచిపూడి వేదిక మీద, హరికథ వేదిక మీద ఇంకో సాక్ష్యం ఉంది. గజ్జె కట్టి అటూ ఇటూ నడుస్తూ కథ చెప్పే దాసుగారి చెంప మీద కనబడే సన్నని హెడ్‌సెట్ మైకు దాదాపు ఎప్పుడూ ఎలెక్ట్రెట్ కండెన్సరే. కండెన్సర్ స్టేజీకి పనికిరాదని చెప్పేవాళ్లే ఆ మైకుల్ని నిత్యం వాడుతున్నారు, అవి కూయకపోవడం చూస్తూనే ఉన్నారు. కారణం అవి నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో, తల ఎటు తిరిగితే అటు తిరుగుతూ ఉండటం. పద్యనాటకంలో పైనుంచి వేలాడదీసిన మైకులది దీనికి పూర్తిగా అవతలి కొస. అక్కడ దూరం గజాల్లో ఉంటుంది. కండెన్సర్ తప్ప గత్యంతరం లేదు, అదీ ఓ స్థాయి దాటి పెంచడం కుదరదు. ఏ రకం మైకూ ఆ దూరాన్ని జయించలేదు.

డైనమిక్ పక్షాన ఉన్న బలమైన వాదన ధ్వని గురించి కాదు, బతుకుతెరువు గురించి. దసరా పందిట్లో, శ్రీరామనవమి చలువ పందిరి కింద, జనరేటర్ మీద నడిచే మైకుసెట్టుతో పనిచేసేవాళ్లకు కిందపడినా, దుమ్ము పట్టినా, జల్లు తగిలినా పనిచేసే వస్తువు కావాలి. ఈ వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, అక్కర్లేదు కూడా. అక్కడ డైనమిక్కే సరి. చిన్న ఊళ్లలో ఇప్పటికీ కనిపించే, జాక్ పిన్ను మాత్రమే ఉన్న ఆంప్లిఫయర్లలో ఫాంటమ్ పవర్ ఉండదు. వాటికి సెల్లు వేసుకునే రకం తప్ప మామూలు కండెన్సర్ పలకనే పలకదు. ఫాంటమ్ ఉన్న మిక్సర్లలోనూ కొన్నింటికి అన్ని చానళ్లకూ కలిపి ఒకే స్విచ్చు. చానల్ మ్యూట్ చేయకుండా మైకు పీకితే బాక్సుల్లోంచి ధబ్‌మని మోత వస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో తేమ నిజమైన శత్రువు. ఏసీ గదిలోంచి తీసి తిన్నగా ఉక్కపోతలోకి తెచ్చిన కండెన్సర్ పొర మీద ఆవిరి పట్టి చిటపటలాడవచ్చు. కానీ ఇవన్నీ ఆరుబయటికీ పాత పరికరాలకూ వర్తించే అభ్యంతరాలు. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో సహా మైకును డబ్బాలో పెట్టుకుని, కచేరికి అరగంట ముందే బయటికి తీసి గది వేడికి అలవాటు పడనిస్తే ఆ చిటపటలు చాలావరకు రావు. ఏసీ, మంచి మిక్సర్, శిక్షణ ఉన్న ఆపరేటర్ ఉన్న రవీంద్రభారతి లాంటి మూసిన హాల్లో వీటిని చూపించి కండెన్సర్‌ను నిరాకరించడానికి ఆధారం లేదు.

ధర గురించి క్లుప్తంగా: కండెన్సర్ అంటే ఖరీదు అన్న రోజులు పోయాయి, చౌక ఎలెక్ట్రెట్లు బజారు నిండా ఉన్నాయి. వాటిలో చాలావాటికి పై ధ్వనులు కృత్రిమంగా ఉబ్బి ఉంటాయి. అదే డబ్బుకు మంచి డైనమిక్ వస్తున్నప్పుడు చౌక కండెన్సర్ కొనడం తప్పు.

ఇక చివరి ఆక్షేపణ, అన్నిటికంటే గట్టిది. జానెడు దూరంలో 9.5 డెసిబెళ్లు పోతాయని నువ్వే అంటున్నావు. ఎంత సాఫీ కండెన్సర్ అయినా దాన్ని తిరిగి తేలేదు. అలాంటప్పుడు విద్వాంసుల్నే మైకుకు దగ్గరగా పాడమంటే పోలేదా? వేలమంది ఉన్న మైదానంలో అయితే ఈ మాటే రైటు. కొన్ని వందల మంది పట్టే సభలో మాత్రం ఆ 9.5 డెసిబెళ్లు మనకు అవసరమే లేదు. మన కచేరీలు అవసరానికి మించి మోగుతున్నాయి. మృదంగం తనంతట తానే హాలు చివరికి వినబడగల వాద్యం. దాన్ని మైకులో పెంచుతారు, అది గొంతును మింగేస్తుంది, గొంతు పెంచుతారు, మానిటర్ చాలదు, మానిటర్ పెంచుతారు, ఆఖరికి కూత. ఈ వలయంలో ఇరుక్కున్నాక విద్వాంసుడు మైకును మింగేటట్టు పాడక తప్పదు, అప్పుడిక డైనమిక్కే నయం. సౌండ్ చెక్‌లో ముందు మృదంగం మైకు మూసి ఉంచి, గొంతునూ వయొలిన్‌నూ సరిచూసుకుని, మృదంగం హాల్లో సహజంగా ఎంత వినబడుతోందో వెనక వరసలో కూర్చుని విని, తక్కువైనంత మాత్రమే కలపాలి. శ్రుతి పెట్టెను మానిటర్‌లోకి పంపే బదులు విద్వాంసుల వెనకే చిన్నగా పెట్టాలి. మానిటర్లు మైకు చెవిటి దిక్కున ఉన్నాయో లేదో నేలమీద కూర్చుని చూడాలి. ఇవి చేశాక జానెడు దూరంలోని కండెన్సర్‌కు కావలసిన వెసులుబాటు మామూలు హాల్లో దొరుకుతుంది. ఇవి చేసినా దొరకనంత ప్రతిధ్వనించే కల్యాణ మండపం అయితే, ఎస్‌ఎం58ను బెత్తెడు దూరంలోకి తెచ్చి, స్టాండును విద్వాంసుడు కూర్చునే తీరుకు తగ్గట్టు వంచి, కచేరి మొదలుపెట్టడమే మేలు.